వాగు నిలిస్తేనే మన బోర్లు నిలుస్తాయి
(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మా ఊరు చంద్రవంక వాగు పక్కన ఉంది. ఈ వాగు మాచర్ల మీదుగా పోయి, నక్కలవాగు, తుమ్మలవాగులతో కలిసి ఎత్తిపోతల దగ్గర దూకి కృష్ణలో కలుస్తుంది. ఆ జలపాతం చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఎగువనున్న మా వాగు సంగతి ఎవరికీ పట్టదు. 1967లో సాగర్ కాలవలకు నీళ్ళు వదిలారు గానీ, మిట్ట మీదున్న మా పొలాలకు అవి ఎక్కవు. మాకు వాగే ఆధారం.

మేం కాపురానికొచ్చిన కొత్తల్లో ఇసుకలో మూరెడు చెలమ తీస్తే నీళ్ళు ఊరేవి. కొర్రమీను, జెల్ల దొరికేవి. తర్వాత ట్రాక్టర్లు దిగాయి. ఇసుక పోయి రాయి తేలింది. వాన నీళ్ళు వచ్చినట్టే వచ్చి పోయేవి. ఇసుక నీళ్ళను పట్టి ఉంచితేనే ఒడ్డున బావులకు, బోర్లకు ఊట. ఆ సంగతి బోర్లు ఎండాక గానీ మాకు తెలియలేదు.

సంఘంలో మాట్లాడదామంటే నోరు రాలేదు. ఆ ట్రాక్టర్లలో ఒకటి మా సంఘం అప్పుతో కొన్నదే. కిస్తీలు ఇసుక డబ్బుతోనే కట్టారు. రికవరీ బాగుందని మనమే చప్పట్లు కొట్టాం. ఆ సభ్యురాలే లేచి, "ఇసుక ఆపితే కిస్తీ ఎట్టా కట్టేది? మీరు కడతారా?" అని అడిగింది. న్యాయమైన మాటే. మూడు మీటింగులు పట్టింది. చివరికి ఆమె కిస్తీ గడువు పెంచాం. మిరపకాయలు కల్లానికి తోలడానికి అందరం ఆ ట్రాక్టరునే మాట్లాడుకుంటున్నాం. అప్పుడు తీర్మానం రాసుకున్నాం: అమ్మకానికి ఇసుక తోలేది లేదు, మందు కొట్టిన పంపులు వాగులో కడిగేది లేదు. నీళ్ళనూ చెట్లనూ కాపాడటానికి 2002 నాటి వాల్టా చట్టం ఉందని కూడా తెలుసుకున్నాం.

ఉపాధి హామీ పనుల్లో గుట్ట వాలున కందకాలు అడిగి పెట్టించుకున్నాం. చెక్‌డ్యాములో పూడిక తీశాం. గట్టున కానుగ మొక్కలు నాటితే సగం మేకలు తిన్నాయి. మళ్ళీ నాటి, చుట్టూ కంప కొట్టాం.

వాగు బాగుపడిపోయిందని చెప్పం. రాత్రిళ్ళు పై ఊళ్ళ ట్రాక్టర్లు ఇంకా దిగుతూనే ఉన్నాయి. మా ఊరొక్కటే కాపలా కాస్తే వాగు నిలవదు. అందుకే ఈ సభను కోరేవి రెండు. వాగు వెంబడి ఉన్న ప్రతి గ్రామ సంఘం ఇదే తీర్మానం రాయాలి. ట్రాక్టరుకు అప్పిచ్చే ముందు అది ఏం తోలుతుందో అడగాలి.

రూపాయి రూపాయి దాచడం మనకు వచ్చిన పనే. నీళ్ళనూ అట్లాగే దాచుకుందాం. సెలవు.