ముసర పోయినది, పారుడు మిగిలినది

తల్లిదండ్రులారా,

పశువులకు ముసర వ్యాధి సోకి కొట్టములు పాడుపడిన దినములు మన పెద్దలకు జ్ఞాపకముండును. ముక్తేశ్వర పరిశోధనాలయమున ఎడ్వర్డ్స్ అను శాస్త్రజ్ఞుడు ఆ వ్యాధిబీజమును మేకనుండి మేకకు పలుమారు లెక్కించి, పశువులయెడ దాని తీవ్రత తగ్గించి, టీకామందు చేసెను. ఎద్దును కాచుటకు మేక ఔషధశాల యైనది! 1954లో దేశమంతట టీకాల ఉద్యమ మారంభమాయెను. 1995 తరువాత ఆ వ్యాధి ఇచ్చట కానరాలేదు. 2011లో లోకముననే అంతరించినదని ప్రకటించిరి.

దాని దాయాది మాత్రము మిగిలియున్నది. అదియే గొఱ్ఱెలకు, మేకలకు వచ్చు పారుడు రోగము: జ్వరము, ముక్కు కారుట, నోటిపూత, విరేచనములు. గొఱ్ఱెలకు పేరుపడ్డ మన బళ్లారి సీమకు ఇది చిన్న సంగతి కాదు. మనదేశమున దీనిని మొదట గుర్తించినది 1987లో, తమిళనాట. దీనికిని ముక్తేశ్వరముననే టీకా సిద్ధమైనది. ఒక్క సూది మూడేండ్లకు తక్కువగాక కాపాడును.

అయినను ఏటేట కొత్తపిల్లలు మందలో చేరును, టీకా పొందినవి సంతకు పోవును. కావున "మొన్ననే వేయించితిమి గదా" అను మాట చెల్లదు. నాలుగు నెలలు నిండిన పిల్లల నన్నిటిని చూపుడు. సంతలో కొన్న జీవములను మూడు వారములు వేరుగా కట్టుడు. యశ్వంతనగరునకు పశువైద్యుడు వచ్చు దినమున పిల్లవానిని బడి మాన్పింపక, మందను మీరే తోలుకొని రండు.