షేక్ ఒక పూటకే, లెక్క మూడు పూటలకీ
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  నేను డాక్టర్ని కాదు. మగ్గం చప్పుడు వింటూ పెరిగి, పోషకాహారం చదువుకున్నదాన్ని. ఒళ్ళు తగ్గాలని అన్నం మానేసి షేక్ తాగడం గురించి నాలుగు మాటలు చెప్తాను.

ముందు మా ఇంటి సంగతి. మా మేనత్తకు షుగరూ ఉంది, బీపీ కూడా ఉంది. నిరుడు తెలిసినవాళ్ళు చెప్పారని ఒక పొడి డబ్బా కొన్నది. మూడు పూటలూ అదే తాగింది. మాత్రలు మాత్రం ఎప్పట్లాగే వేసుకుంది. నాలుగో రోజు చెమటలు పట్టి, చేతులు వణికి, మగ్గం పక్కనే ఒరిగిపోయింది. తెలివిలో ఉంది కాబట్టి చక్కెర నీళ్ళు తాగించి ఆస్పత్రికి తీసుకుపోయాం. తిండి అంత తగ్గించేటప్పుడు మాత్రల మోతాదు కూడా డాక్టరు చూడాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మన పెద్దలు గుంట మగ్గంలో కూర్చుని పొద్దస్తమానం కాళ్ళతో తొక్కి, చేత్తో నాడె ఆడించేవాళ్ళు. తిన్నది అరిగిపోయేది. ఇప్పుడు పవర్‌లూమ్ వచ్చింది, పిల్లలు కుర్చీ పనులకు పోయారు. తిండి మాత్రం తగ్గలేదు. పైగా విరుదునగర్ నూనె పరోటా, కోవిల్‌పట్టి కడలై మిఠాయి ఉండనే ఉన్నాయి. ఆ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మనకు గర్వమే. కానీ 100 గ్రాములు తింటే సుమారు 500 కేలరీలు!

భోజనానికి బదులు తాగే షేక్‌లో సాధారణంగా 200 నుంచి 250 కేలరీలు ఉంటాయి. ప్రోటీన్, విటమిన్లు కొలిచి కలుపుతారు. మొదట్లో ఎంత తినాలో తెలియనివాళ్ళకు ఆ కొలతే సాయం. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన జరిగింది. షుగరు వచ్చి ఆరేళ్ళు దాటని 149 మందికి మూడు నుంచి ఐదు నెలల దాకా రోజుకు సుమారు 850 కేలరీల షేకులు, సూపులే ఇచ్చారు. ఏడాది తర్వాత 68 మందికి మందులు లేకుండానే షుగరు అదుపులో ఉంది. 2017లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. అయితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అక్కడ మొదటి రోజే వైద్యులు షుగరు, బీపీ మాత్రలు ఆపించి, కనిపెట్టుకుని ఉన్నారు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళను అసలు తీసుకోలేదు. మనంతట మనం ఇంట్లో చేసే పని కాదది.

కాబట్టి మొదలుపెట్టేవాళ్ళు ఒక్క పూటే మార్చండి. రాత్రి భోజనమైతే సులువు. మిగతా రెండు పూటలూ అన్నం సగం చేసి, పప్పు, కూర పెంచండి. మాత్రలు వేసుకునేవాళ్ళు ముందుగా డాక్టరుకి చెప్పండి, సొంతంగా మాత్రలు మానొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు దీని జోలికి పోవద్దు. డబ్బా మీద 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు ఉందా, చక్కెర ఎంత ఉంది, చూసుకోండి. ఉత్త ప్రోటీన్ పొడి భోజనానికి బదులు కాదు. అప్పు చేసి మాత్రం కొనకండి.

కొనలేనివాళ్ళు బాధపడొద్దు. మన నల్లరేగడిలో పండే సజ్జలున్నాయి కదా! 30 గ్రాముల సజ్జపిండితో కాచిన అంబలి, ఒక గ్లాసు పలుచటి మజ్జిగ, ఒక ఉడికించిన గుడ్డు. అన్నీ కలిపితే సుమారు 220 కేలరీలు. షేక్‌లో ఉన్నంత ప్రోటీన్, విటమిన్లు ఇందులో ఉండవు, కానీ ఒక పూటకు సరిపోతుంది. గుడ్డు తిననివాళ్ళు ఉడికించిన శనగలు గుప్పెడు తినండి.

పాత పడుగు చివర కొత్త పడుగు పోగులు అతుకుతాం. ఆ అతుకు లేకుండా నేత ముందుకు సాగదు. అలాగని అతుకునే చీరగా అమ్ముతామా? షేక్ కూడా అంతే, పాత అలవాటుకూ కొత్త అలవాటుకూ నడుమ అతుకు. ఎన్ని వారాలు తాగాలి, ఆ తర్వాత కంచంలో ఏముండాలి అన్నది మొదలుపెట్టే రోజే రాసి పెట్టుకోండి. అది లేకుంటే తగ్గిన బరువు మళ్ళీ వచ్చేస్తుంది.

మా అత్తకు డాక్టరు మాత్రలు మార్చి రాశారు. రెండు నెలలు రాత్రి పూట మాత్రం షేక్ తాగి, తర్వాత అంబలికి మారింది. ఇప్పుడు పాత రవికలు వదులయ్యాయని దర్జీ దగ్గరికి తిరుగుతోంది. ఇవాళ ఇక్కడే, మూడో వరసలో కూర్చుని నవ్వుతోంది చూడండి.

ఇంటికి పోగానే ఒక టేపు తీసి నడుము కొలుచుకోండి. మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే, దగ్గర్లోని ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి షుగరు, బీపీ చూపించుకోండి. పోగు లెక్క తప్పని జాతి మనది, కంచం లెక్క కూడా తప్పకూడదు.