ఇంకొకరి పేరు దేవుని ముందు



"మీ కోసం ప్రార్థన చేస్తానండీ" అనే మాట మనం ఎంత తేలిగ్గా అనేస్తామో ఎప్పుడైనా గమనించారా? లిఫ్టులో ఎదురైనవారితో అంటాం, ఫోను పెట్టేసేముందు అంటాం. అన్నాక నిజంగా చేసేవాళ్ళం ఎంతమందిమి? ఈ ప్రశ్న ఒకసారి నన్ను నేనే వేసుకోవలసి వచ్చింది.

మేముండేది నల్లగండ్లలో. ఒకప్పుడు చెరువూ, పొలాలూ ఉన్న ఊరు. ఇప్పుడు ఎటుచూసినా అంతస్తులే. గోడకవతల ఎవరున్నదీ తెలియని బతుకులు. మా పై అంతస్తులో ఉండే అమ్మాయి భర్తను ఆసుపత్రిలో చేర్చారని విని, మెట్లదగ్గర కనిపిస్తే అలవాటుకొద్దీ ఆ మాటే అన్నాను. ఇంట్లోకొచ్చి పొయ్యిమీద పప్పు పెట్టాను, అంతే, మరిచిపోయాను. నాలుగోనాడు ఆమె వచ్చి, "ఆంటీ, మేము చర్చికి వెళ్ళేవాళ్ళం కాకపోయినా మీరు రోజూ మా ఆయన పేరు చెబుతున్నారన్న ధైర్యంతో ఉన్నాను" అంది. సిగ్గుతో నోరు పెగల్లేదు. తల ఊపి ఊరుకున్నాను. ఆ రాత్రి మాత్రం మోకాళ్ళమీద కూర్చున్నాను.

ఇతరుల కోసం చేసే ప్రార్థనను మా సంఘాల్లో విజ్ఞాపన అంటారు. బైబిలులో అబ్రాహాము తనది కాని సొదొమ పట్టణం కోసం దేవునితో బేరమాడినట్లు వాదించాడు. యాభైమంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి పదిమంది దాకా దిగివచ్చాడు. కపెర్నహూములో నలుగురు మనుషులు పక్షవాయువు రోగిని మంచంతో మోసుకొచ్చి, జనం దారి ఇవ్వకపోతే ఇంటికప్పు విప్పి యేసు ముందు దింపారు. విజ్ఞాపన అంటే ఆ మంచానికి ఒక మూల పట్టడమే. బాగుచేసేది మనం కాదు, మోసేదే మనం.

విమోచన అంటే వెల చెల్లించి విడిపించడం. ఆ వెల క్రీస్తు సిలువమీద చెల్లించాడని మా విశ్వాసం. చెల్లిపోయినదానికి మళ్ళీ మనం వెల కట్టనక్కరలేదు. "ఇన్ని ఉపవాసాలుంటాను, ఈ పని చేసిపెట్టు" అని దేవునికి లంచం చూపించనక్కరలేదు. మనకోసం ఒకరు నిలబడ్డారు గనుక మనం మరొకరికోసం నిలబడతాం. అందులో గొప్ప చెప్పుకోవడానికేమీ లేదు.

మన తెలుగునాట దీనికో మంచి ఉదాహరణ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారకముందే ఒంగోలులో ఒక కొండమీదికి అయిదుగురు ఎక్కారు. మిషనరీ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అని ఇద్దరు స్త్రీలు. తమను ఎరగని ఆ చుట్టుపక్కల పల్లెల కోసం, అక్కడికి ఒక సేవకుణ్ణి పంపమని వేడుకున్నారు. పన్నెండేళ్ళు గడిచాక, 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1876-78 నాటి ఘోరమైన కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేట్లు చేశాడు. తిండికోసం మతంలోకి వచ్చారనిపించుకోకూడదని కరువు పనులు సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపివేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నాకు ఆ అంకెకంటే ఆ కాలువే ఎక్కువ గుర్తుంటుంది. కొండమీద మోకరించిన ప్రార్థన, కిందికి దిగి పలుగూ పారా పట్టుకుంది.

కాబట్టి అమ్మా, ప్రార్థన చేస్తానని మాట ఇస్తే ఆ పేరు వెంటనే కాగితంమీద రాసుకోండి. నేను పాలలెక్క రాసే క్యాలెండరుమీదే రాస్తున్నాను. వేరే విశ్వాసం ఉన్నవారైతే "మీకు అభ్యంతరం లేదు కదా" అని ముందు అడగండి. వారి కష్టాన్ని ప్రార్థన కూటంలో నలుగురి నోళ్ళలో పెట్టకండి. వివరాలు దేవునికి తెలుసు. మందులు మానెయ్యమని ఎవరికీ చెప్పకండి. ప్రార్థన ముగించి లేచాక ఒక క్యారియరు అన్నం పంపండి, వాళ్ళ పిల్లల్ని కాసేపు మీ ఇంట్లో కూర్చోబెట్టుకోండి.

ఆ అమ్మాయి భర్త దక్కలేదు. పెద్దకర్మ అయిన తరువాత వెళ్ళి, మొదటి నాలుగు రోజులు మరిచిపోయిన సంగతి ఒప్పుకున్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "మిగతా రోజులు చేశారు కదా ఆంటీ. ఇప్పుడు మా పిల్లల పేర్లు రాసుకోండి" అంది.

నా ప్రార్థన వృథా అయిందా అని మీరు అడగవచ్చు. ఆయన్ను అది ఈ లోకంలో నిలపలేదు. కాని ఒక గోడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు ఆడవాళ్ళం ఇవాళ ఒకరికొకరం పరాయివాళ్ళం కాము. ఆయన్ను దేవుని చేతిలో పెట్టానన్న నమ్మకం నాకుంది. పిల్లల పేర్లు క్యాలెండరుమీద ఉన్నాయి.

ఈ రాత్రి దీపం ఆర్పేముందు మీరూ ఒక్క పేరు తలచుకోండి, మీ ఇంటివారిది కాని ఒక్క పేరు. సెలవు.