పాలసీ బ్యాంకులో ఉందండీ!

  బ్యూటీషియన్ కోర్సు పూర్తిచేసిన అమ్మాయిలూ, వెనక వరసలో సిగ్గుపడుతున్న అబ్బాయిలూ, అభినందనలు.

నేను బీమా సర్వేయర్‌ని. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను ఊడ్చేశాక అమలాపురంలో కొట్టు కొట్టూ తిరిగాను. ఒక పార్లర్ పైకప్పు లేచిపోయింది. పాలసీ లేదు. ‘‘మాదేం పెద్ద వ్యాపారమండీ’’ అంది ఆవిడ, తడిసిన కుర్చీల మధ్య నిలబడి.

ఆ మాట మీరనకండి. 2021 ఏప్రిల్ నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే పాలసీ ఉంది. ఒకచోటి ఆస్తి విలువ 5 కోట్లు దాటని వ్యాపారాలకు అది. అగ్నిప్రమాదం, తుపాను, వరద అందులోకొస్తాయి. మామూలు దొంగతనానికి వేరే పాలసీ కావాలి. ఏదైనా ముందే తీసుకోండి; ధవళేశ్వరంలో గోదావరి వరదకు మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చాక ఏజెంటుకి ఫోన్ చెయ్యడం దండగ.

నా బెంగ మరొకటుంది. ‘‘పాలసీ ఉందా?’’ అంటే ‘‘ఆయ్, బ్యాంకులో ఉందండీ’’ అంటారు. లోనిచ్చేటప్పుడు బ్యాంకు చేయించిన కాగితం. అందులో ఏముందో చూసిన పాపాన పోరు! రాజమండ్రిలో ఒకామె దానవాయిపేట నుంచి పార్లర్ మరో వీధికి మార్చింది. అక్కడ ఇన్వర్టరు కాలి సామానంతా బూడిదైంది. పాలసీలో చిరునామా పాతదే. క్లెయిమ్ రాలేదు. కొత్త బోర్డు రాయించడానికి తీరికుంది, బీమా కంపెనీకి ఒక ఉత్తరం రాయడానికి లేదు. కస్టమరు కనుబొమ్మలో ఒక్క వెంట్రుక పక్కకుంటే పట్టేస్తారే, మీ చిరునామా తప్పుంటే కనపడదా తల్లీ?

పైగా ఆ పాలసీ మీ సామానుకే. కస్టమరుకేమైనా అయితే? 2022లో హైదరాబాదులో ఒకావిడకు పార్లర్‌లో తల కడిగించుకుంటుండగా స్ట్రోక్ వచ్చింది. మెడ వెనక్కి వాల్చడంతో రక్తనాళం నొక్కుకుపోయిందన్నారు వైద్యులు. 1993లోనే వైద్య పత్రికకెక్కిన ‘బ్యూటీ పార్లర్ స్ట్రోక్’ ఇది. జుట్టు రంగులోని పీపీడీ అనే రసాయనం పడక కొందరికి ముఖం వాచిపోతుంది. అందుకే లయబిలిటీ కవర్ తీసుకోండి. మీ చేతి పని వల్ల జరిగే హాని అందులోకొస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. రంగు వేయడానికి 48 గంటల ముందు ప్యాచ్ టెస్ట్ చేసి, పుస్తకంలో సంతకం పెట్టించుకోండి. ‘‘మన అక్కే కదా’’ అని వదిలెయ్యకండి. కోర్టుకెళ్లేటప్పుడు అక్కలుండరు.

షాపు తెరిచినప్పుడు నన్ను రిబ్బను కత్తిరించడానికి పిలుస్తారేమో. వస్తాను, ముందు పాలసీ చూపించమంటాను. చిరునామా సరిచూసుకోండి, కొన్న ప్రతి వస్తువు బిల్లునీ ఫొటో తీసి దాచుకోండి. శుభం.