అలవాటు పుట్టుక కాదు
(జగ్గయ్యపేట, నందిగామ పల్లెల నుంచి వచ్చిన కార్యకర్తల ముందు నందిగామలో చేసిన ఉపన్యాసం)



మన మెట్టలో పత్తి తీసే అక్కల చేతులు చూడండి. నోరు కబుర్లు చెబుతూనే ఉంటుంది, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. మొదటిరోజు ఆ చేతికి ఎండుకాయ మొన గుచ్చుకుంది. ఏళ్ల తరబడి తీయగా తీయగా చూడకుండానే తప్పించుకోవడం నేర్చింది. 'వీళ్ల చేతులు పుట్టుకతోనే అంతే' అని ఎవడైనా అంటే నవ్వుతాం.

మరి పెద్దకులాల వీధిలో అడుగుపెట్టగానే మన నడుం వంగితే, ఆసామి కనబడగానే మనకు తెలియకుండానే మంచం దిగితే, 'వాళ్ల స్వభావం' అంటారే! స్వభావమైతే బస్సెక్కగానే పోతుందా? నందిగామ సెంటర్లో తలెత్తి నడిచే మనిషే సొంతూళ్లో తల దించుతున్నాడు. ఒళ్లు అదే, మారింది చోటు.

ఇది చెర్నాకోల నేర్పిన పాఠం. దెబ్బలు తిన్న తాత, కొడుకైనా తినకూడదని వంగడం నేర్పాడు. ఆ కొడుకు తన కొడుక్కి నేర్పాడు. మూడోతరానికి దెబ్బ గుర్తులేదు, వంగడం మిగిలింది. కొట్టేవాడు ఎదురుగా లేకపోయినా వాడి పని జరిగిపోతోంది.

అవతలివాడిదీ అలవాటే. తాత వయసు మనిషిని 'ఒరే' అనే పదేళ్ల కుర్రాడు ఆలోచించి అనడం లేదు, ఇంట్లో విన్నాడు. అంతమాత్రాన మాఫీ చేస్తామా? వాడు మానుకుంటే పోయేది పెత్తనం. మనం మానుకోకపోతే పోయేది మన పిల్లల బతుకు.

చట్టాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. రాజ్యాంగం 17వ అధికరణం ఉంది, 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అవి మన ఆయుధాలు, వదలొద్దు. కానీ కాగితం మీది హక్కుకి కాళ్లుండవు. ప్రభుత్వ చెరువులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ కూడా సరేనంది. అయినా చవ్‌దార్ చెరువులో మనవాళ్ల చెయ్యి పడలేదు. భయం ఒకపక్క, తరాల అలవాటు ఒకపక్క. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. ఆ రోజే దాడులు జరిగాయి, తలలు పగిలాయి. అయినా ఉద్యమం ఆగలేదు.

అంతదూరం ఎందుకు, మన బెజవాడలోనే 1917లో పంచమ మహాసభ పేరుతో సభ పెట్టారు. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షులు. మేం అయిదోవాళ్లం కాదు, ఈ నేల తొలి మనుషులం, ఆది ఆంధ్రులం అని ఆ సభే పేరు మార్చుకుంది. నోటికి పట్టిన మాట కూడా మారుతుందన్నమాట.

అలవాటుని ఉపన్యాసం పోగొట్టలేదు. నాది కూడా. ఇంకో అలవాటే పోగొడుతుంది. మన పెద్దల్ని ముందు మనం 'గారు' అని పిలుద్దాం. మంచం దిగకుండా మాట్లాడదాం. హోటల్లో బెంచీమీదే కూర్చుందాం. ఒక్కరుగా కాదు, ఒంటరివాణ్ణి కొడతారు. పదిమందిగా, రోజూ. మొదట కాళ్లు వణుకుతాయి. వణకనివ్వండి. పత్తికాయ కూడా మొదటిరోజు గుచ్చుకుంది కదా!

జై భీమ్!