కలిపిన చెయ్యి ఎవరిదని పసుపు అడగదు

(హైస్కూలు పిల్లల సైన్సు ప్రదర్శన అయ్యాక పేటలో చేసిన ప్రసంగం)



ఇందాక పిల్లలు చేసినవన్నీ చూశారు. పసుపు నీళ్ళలో సున్నపు తేట పోస్తే నెత్తురులాగ ఎర్రబడింది. అందులోనే నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపైపోయింది. మందార పువ్వు రుద్ది ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయ కోస్తే ఎర్రటి రసం కారింది. ఇందులో మంత్రం ఏటీ లేదు. సున్నం క్షారం, నిమ్మరసం ఆమ్లం. వాటిని బట్టి పసుపూ మందారా రంగు మారతాయి. అంతే!

దీన్ని తమాషాగా చూసి వదిలేయకండి. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చిల్లంగి పేరు చెప్పి మనుషుల్ని కొట్టారు, ఊళ్ళోంచి తరిమారు, చంపారు. గుంటకి జొరమొస్తే కోసిన నిమ్మకాయ చూపించి ‘ఫలానా ముసల్దే చేసింది’ అంటారు. ఈ నింద పేదల మీద, దిక్కులేని ముసలోళ్ళ మీద పడినట్టు పెద్దిళ్ళ మీద పడతాదా?

ఈ గుట్టు విప్పే పని 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక ఊళ్ళలో, బళ్ళలో చేస్తూ వచ్చింది. మహారాష్ట్రలో ఇదే పని చేసిన నరేంద్ర దభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న పూణెలో కాల్చి చంపారు. ఆ ఏడాదే అక్కడ మూఢనమ్మకాల మీద చట్టం వచ్చింది. శాస్త్రీయ దృష్టి పెంచుకోవడం పౌరుల విధి అని మన రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది.

బడిలో ప్రదర్శన పెడితే మాకు సంతోషమే. అయితే మేం ఒకటి అడుగుతాం. బల్ల దగ్గర గ్లాసు పట్టుకున్నది ఎవరు? వెనకాల కూచుని చప్పట్లు కొట్టింది ఎవరు? మాలపేట గుంటలు, రెల్లివీధి గుంటలు చప్పట్లకే మిగిలిపోతే సైన్సు కూడా ఊరోళ్ళ సొత్తే అయిపోతాది. మన పిల్లని గ్లాసు ముట్టుకోనివ్వకపోతే అది అంటరానితనమే. 17వ అధికరణం దాన్ని ఏనాడో రద్దు చేసింది.

నిండు గ్లాసు మీద అట్టముక్క పెట్టి బోర్లించారు, గుర్తుందా? కిందనుంచి గాలి ఒత్తిడి నీళ్ళని ఆపింది. అవి పేట బోరు నీళ్ళా, ఊరి బావి నీళ్ళా అని గాలి అడిగిందా?

కాబట్టి సంఘాలోళ్ళు బడికెళ్ళి హెడ్మాస్టరుగారితో మాట్లాడండి. ప్రతి పిల్లా, పిల్లడూ తన చేత్తో చెయ్యాలని గట్టిగా అడగండి. ఆడపిల్లల్ని ముందు నిలబెట్టమనండి. ఖర్చు లేదు, పసుపూ సున్నం మనింట్లోవే. నేర్చుకున్నది పేటలో పదిమందికీ చేసి చూపించమనండి. జొరమొస్తే ఆసుపత్రికే నడవండి. రేపు ఎవరైనా చిల్లంగి మాట ఎత్తితే, మన గుంటే గ్లాసు పట్టుకుని ఎదురు నిలబడాలి.

జై భీమ్!