నొప్పి లేదంటే నమ్మకండి



పొద్దున్న లేచింది మొదలు మనకు నిప్పుతోనూ, కత్తిపీటతోనూ సావాసం. చెయ్యి కాలని ఇల్లాలు, వేలు తెగని ఇల్లాలు ఉండదంటే అతిశయోక్తి కాదు. అయినా ఏది చిన్న దెబ్బో, ఏది పెద్ద దెబ్బో పోల్చుకోవడం మనలో చాలామందికి తెలియదు. ఎవరు గట్టిగా ఏడిస్తే వాళ్ళకే పెద్ద దెబ్బ తగిలిందనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని.

కొన్నేళ్ళ క్రితం సంక్రాంతికి మా ఇంట్లో అరిసెలు వండుతున్నాం. మూకుడులోంచి నూనె చింది నా మణికట్టు మీద పడింది. కెవ్వున అరిచాను. కంగారుగా లేచిన మా అత్తగారి చీర పక్కనున్న కుంపటికి అంటుకుంది. మావారు దుప్పటి చుట్టి మంట ఆర్పేశారు. నా చేతికి బొబ్బలు, ఓర్చుకోలేని మంట. ఆవిడ పిక్క మీద అరచేతి వెడల్పున చర్మం తెల్లగా పాలిపోయి, అట్టలా బిగుసుకుంది. “నాకేం నొప్పి లేదు, ముందు అమ్మాయి చెయ్యి చూడండి” అన్నారావిడ. డాక్టరుగారు మాత్రం ఆవిడ కాలే ముందు చూశారు. నా చెయ్యి రెండు వారాల్లో మానింది. ఆవిడకు తొడ మీది చర్మం తీసి అతకవలసి వచ్చింది.

కారణం ఇదీ. పైచర్మం మాత్రమే కాలితే ఎర్రగా కంది మండుతుంది, బొబ్బ రాదు. ఇంకాస్త లోతుకు పోతే బొబ్బలెక్కుతుంది, నొప్పి విపరీతం. చర్మం మొత్తం కాలితే తెల్లగానో, నల్లగా మాడినట్టో ఉంటుంది. నొప్పి తెలిపే నరాలే కాలిపోతాయి కనుక అక్కడ స్పర్శ ఉండదు.

ఏ రకమైనా వెంటనే గాజులు, ఉంగరాలు తీసేసి, కుళాయి ధార కింద 20 నిమిషాలు ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, పసుపు పెట్టకండి. బొబ్బలు చిదపకండి. ఉతికిన పల్చని గుడ్డ వదులుగా కప్పండి. స్పర్శ లేని గాయమైనా, రోగి అరచేతి కన్నా పెద్దదైనా, ముఖం మీదిదైనా, పసివాళ్ళకైనా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది.

తెగిన గాయాల సంగతీ అంతే. కత్తిపీటకు వేలు తెగి రక్తం కారితే హడలిపోతాం. శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు వదలకుండా అదిమి పట్టుకుంటే చాలావరకు ఆగిపోతుంది. ఆగకపోయినా, అంచులు విడిపోయి నోరు తెరుచుకున్నా కుట్లు అవసరం కావచ్చు. పిల్లాడి మోకాలు గీరుకుపోతే మట్టి పోయేలా కడిగితే చాలు. మనల్ని మోసం చేసేది కాల్లో మేకు దిగిన గాయం. రక్తం ఓ చుక్క వచ్చి ఆగిపోతుంది. కాని గాలి తగలని ఆ లోతులోనే ధనుర్వాతం క్రిములు పెరుగుతాయి. కడిగేసి ఊరుకోకుండా టెటనస్ సూది సంగతి డాక్టరుగారిని అడగండి. కుక్క పంటిగాటు ఎంత చిన్నదైనా సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు వెళ్ళండి.

ఏడ్చేవాళ్ళను ఓదార్చండి, తప్పులేదు. కాని ఏమీ అనకుండా పక్కన కూర్చున్నవాళ్ళ గాయం కూడా ఓసారి చూడండి. మన ఇళ్ళల్లో “నాకేం లేదు” అనేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ మాట రేపు మీ నోట రానివ్వకండి.